ఇంటిల్లిపాదినీ పొదుపులోకి దించడం ఎలా?

పొదుపు మొదలుపెట్టే ఇంటి పెద్ద అన్నిటికన్నా ముందు తన ఖర్చులను లెక్కలోంచి తీసేయాలి. పొద్దున్నే సెంటర్లో తాగే రెండు టీలు, పేపరు, పాన్‌డబ్బా, నలుగురు కలిసినప్పుడు తెప్పించక తప్పని మిర్చి బజ్జీలు, బండిలో పెట్రోలు, ఇవన్నీ అవసరాలు. ఆడవాళ్లు కొనే కొబ్బరినూనె, పిల్లలు అడిగే పెన్ను, ముసలమ్మ మోకాళ్ల నొప్పుల మందు, ఇవీ ఖర్చులంటే. ఈ తేడా తెలియకనే చాలా ఇళ్లలో పొదుపు మూన్నాళ్ల ముచ్చట అవుతోంది.

ఇవి పుస్తకాలు చూసి రాస్తున్న సలహాలు కావు. ముదిగొండలో మూడెకరాల మిరప వేసుకుని, తల్లి, భార్య, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు ఉన్న ఇంటిని నడుపుతూ నేను స్వయంగా కనిపెట్టినవి. ఖమ్మం నుంచి కోదాడ పోయే దారిలో ఉంటుంది మా ఊరు. బయటివాళ్లకు ముదిగొండ అనగానే 2007 జూలై 28 నాటి పోలీసు కాల్పులు గుర్తొస్తాయి. ఆ రోజు రోడ్డెక్కినవాళ్లు భూమి అడిగారు, పొదుపు చిట్కాలు అడగలేదు. ఆ సంగతి నవ్వులాటలో కలిపేది కాదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

ముందుగా మీటింగు పెట్టండి. రాత్రి అన్నాలయ్యాక, సీరియల్ వచ్చే టైము చూసి పెడితే టీవీ కరెంటు కూడా కలిసొస్తుంది. మీరు కుర్చీలో కూర్చోవాలి, మిగతావాళ్లు చాప మీద. ‘ఈ నెల నుంచి ఇల్లు పొదుపుగా నడవాలి’ అని చెప్పేసి లేవాలి. ఏమైనా అడగాలా అని మాత్రం అనకండి. అంటే అడుగుతారు. మా కోడలు పిల్ల డిగ్రీ చదివింది. ‘మామయ్యా, అసలు ఇంట్లోకి ఎంత వస్తోందో చెబితే, ఎక్కడ తగ్గించాలో అందరం చూస్తాం కదా’ అంది. సంసారాలు పాడయ్యేది ఇలాంటి ప్రశ్నలతోనే. రాబడి చెబితే, మొన్న బండి మార్చిన డబ్బు ఎక్కడిదని వస్తుంది. అక్కణ్నుంచి పోయినేడు మీ చెల్లెలికి ఇచ్చింది తిరిగొచ్చిందా అని వస్తుంది. పొదుపు సాగాలంటే ఇంట్లో ఎవరికీ లెక్క తెలియకూడదు, అందరికీ భయం మాత్రం ఉండాలి.

భయం ఒక్కటే చాలదనుకుంటే ఒక మహానుభావుడి పేరు తోడు పెట్టుకోండి. మా వైపు వాళ్లకు లాల్ బహదూర్ శాస్త్రి బాగా పనికొస్తాడు. మా పొలాలకు నీళ్లు తెచ్చే నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఆయన పేరే పెట్టారు. 1965లో యుద్ధం ఒకవైపు, తిండిగింజల కరువు ఒకవైపు ఉన్నప్పుడు, వారానికో పూట భోజనం మానమని ఆయన దేశాన్నంతా అడిగాడు. సోమవారం రాత్రి హోటళ్లు కూడా మూసుకున్నారు. ఈ కథ ఇంట్లో చెప్పొచ్చు, కాకపోతే సగంలో ఆపాలి. దేశాన్ని అడగబోయే ముందు ఆయన తన ఇంట్లోనే ఆ పూట పొయ్యి వెలిగించకుండా చూసుకున్నాడని, ఇంటిల్లిపాదితోపాటు తనూ పస్తున్నాడని చెబుతారు. ఆ భాగం మనకు అక్కర్లేదు. ప్రధానమంత్రిగా ఉంటూ పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు తీసుకుని ఫియట్ కారు కొన్నాడని, ఆయన పోయాక ఆ బాకీని లలితా శాస్త్రి తనకొచ్చే పింఛనులోంచి తీర్చిందని చెప్పే ముక్క మాత్రం తప్పక చెప్పండి. మొగుడు చేసిన అప్పు పెళ్లాం తీర్చడం ప్రధానమంత్రి ఇంట్లో కూడా ఉందని తేలుతుంది.

నేను సోమవారం సంగతి ఎత్తగానే మా అమ్మ కల్పించుకుంది. ‘ఒరేయ్, అప్పట్లో మనింట్లో తిన్న పూటలే లెక్క. మానిన పూటలు ఎవరు లెక్కపెట్టారురా’ అంది. పెద్దవాళ్లను మీటింగుకు పిలవకపోవడమే మంచిది. వాళ్లకు జొన్న గటక నాటి సంగతులు గుర్తుంటాయి. వాటి ముందు మన పొదుపు చిన్నబోతుంది.

ఇక కరెంటు. 2024లో గృహజ్యోతి వచ్చాక నెలకు 200 యూనిట్లలోపు కాల్చే తెల్లకార్డు ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు కట్టాల్సిందే. అందుకని ఇంట్లో దేవుడి పటం తర్వాత అంతటి గౌరవం మీటరుకు ఇవ్వాలి. యూనిట్ అంటే వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే అయ్యే కరెంటు. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు, నూటపది గంటలు వెలిగితే గానీ ఒక్క యూనిట్ కాలదు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, పదమూడు గంటలకో యూనిట్. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకే ఒక యూనిట్, ఎండ ముదిరితే ఒకటిన్నర దాకా లాగుతుంది. ఈ లెక్క చూడగానే తెలివితక్కువవాళ్లు ఏసీ మీద పడతారు. ఏసీ నా గదిలో ఉంది. కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ దాని జోలికి రారు. కాబట్టి పొదుపు బల్బు దగ్గరే మొదలుపెట్టాలి.

మా ఇంట్లో ముందు వంటింటి బల్బు తీయించాను. చీకట్లో వండితే కూరకు ఏం తేడా రాదు, పైగా రాళ్లు కనబడవు కనుక బియ్యం ఏరే పని తప్పుతుంది. తర్వాత మనవడు చదువుకునే చోట బల్బు. వీధిలైటు కింద చదివి పైకొచ్చినవాళ్ల కథలు మన దగ్గర కొదవలేదు. మా వీధిలైటు వెలగదు, అది పంచాయతీ తప్పు, నాది కాదు. ఫ్రిజ్‌ను మధ్యాహ్నం మూడు గంటలు ఆపించాను, పాలు విరిగాయి. విరిగిన పాలతో కోవా చేసుకోవచ్చని చెప్పాను గానీ, పంచదార ఎక్కువ పడుతుందని నేనే వద్దన్నాను.

ఆ నెల నా ఏసీ చెడిపోయింది. రిమోట్ ఎంత నొక్కినా పలకదు. మెకానిక్‌ను పిలిస్తే డబ్బులని ఊరుకున్నాను. రీడింగ్ తీసేవాడు వచ్చేసరికి 188 యూనిట్లు, సున్నా బిల్లు. బల్బులు తీయడం వల్ల ఎంత కలిసొచ్చిందో కోడలికి కాగితం మీద వేసి చూపించాను. మా ఆవిడ ఆ పక్కనే కూర్చుని, గోడ గడియారంలోకి ఎక్కడివో రెండు బ్యాటరీలు వేస్తూ ఏమీ మాట్లాడలేదు. ఆడవాళ్లకు లెక్కలు తొందరగా ఎక్కవు.

వంటింటి విషయంలో ఒక హెచ్చరిక. లోపలికి వెళ్లి చూడకండి. చూస్తే మీ మనసు చెడుతుంది. నేను ఒకసారి వెళ్లాను. నూనె ప్యాకెట్ ఖాళీ అయ్యాక మా ఆవిడ దాన్ని కత్తెరతో నిలువునా చీల్చి, చపాతీ పిండి ముద్దతో లోపల మూలమూలలా తుడుస్తోంది. పేస్టు ట్యూబునూ కడుపు కోసేసే వాడుతుందట. ఎండాకాలం వంకాయలు, దొండకాయలు చవగ్గా వచ్చినప్పుడు కోసి ఎండబెట్టిన వరుగులు డబ్బాల్లో ఉన్నాయి. కూర లేని రోజు పచ్చిపులుసు. పాత చీర బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ పీలికలైతే పొయ్యి అలికే గుడ్డ. ఇవన్నీ చూసి కొందరు కంగారుపడి, ‘మా ఇంట్లో ఎప్పటి నుంచో పొదుపు ఉంది కదా’ అనుకునే ప్రమాదం ఉంది. అలా అనుకోవద్దు. ఆమె నలభై ఏళ్లుగా చేస్తున్నవి అలవాట్ల కిందికొస్తాయి. మీరు మీటింగు పెట్టిన రోజు నుంచి మిగిలిందే పొదుపు.

మరొక ఉదాహరణ చెబుతాను. 2025 ఉగాదికి ప్రభుత్వం రేషన్లో సన్నబియ్యం మొదలుపెట్టింది. మనిషికి ఆరు కిలోలు, మా ఏడుగురికి నెలకు 42 కిలోలు. అంతకుముందు దొడ్డు బియ్యం వస్తే అన్నానికి నప్పక, సన్నబియ్యం కొనుక్కునేవాళ్లం. ఆ కొనుగోలు సగానికి సగం పడిపోయింది. దాన్ని నా ఉద్యమ ఫలితాల కింద రాసుకున్నాను. ఫలితాలు కనబడుతుంటేనే ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

తిండి తగ్గించే విషయంలో జంధ్యాల ‘ఆహ నా పెళ్లంట’ చూపించమని చాలామంది సలహా ఇస్తారు. 1987లో వచ్చిన ఆ సినిమాలో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి లక్ష్మీపతి, కోడిని పైనుంచి వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటాడు. ఊళ్లన్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాయి. నాకు అందులో నవ్వేం కనబడలేదు. ఆయన చేసిన తప్పల్లా కోడి తేవడం, క్యాలెండర్ మీద బొమ్మ సరిపోయేది.

బస్సు దగ్గరికి వద్దాం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, మగవాళ్లకు ఉంది. దీని అర్థం ఏమిటో ఇప్పటికీ చాలామంది మగవాళ్లకు తట్టలేదు. ఇంటి పనులన్నీ ఆడవాళ్లతో చేయిస్తే రవాణా ఖర్చు శూన్యం. ఖమ్మంలో బ్యాంకు పని, మీసేవ పని, పత్తి విత్తనాల పని, పిల్లల బడి పని, అన్నిటికీ వాళ్లనే పంపండి. 2025 వానాకాలంలో యూరియా దొరక్క సొసైటీల ముందు జనం చెప్పులు, ఆధార్ జిరాక్సులు వరసలో పెట్టి నిలబడ్డారు కదా, ఆ వరసలో మా ఇంటి తరఫున ఉన్నవి ఆడ చెప్పులే. మగ చెప్పులు పెడితే పోయే ప్రమాదం ఉంది, ఖరీదెక్కువ.

అడవి సరుకు చవక అని ఎవరో అంటే అమ్మనూ, మా ఆవిడనూ చింతపండు కోసం భద్రాచలం పంపాను. ఇక్కణ్నుంచి నూటఇరవై కిలోమీటర్ల పైమాట, టికెట్టు సున్నా. తేనె, చింతపండు గిరిజన సహకార సంస్థ కొట్లో తీసుకోండని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. వాళ్లు గోదావరిలో స్నానం చేశారు, దర్శనం చేసుకున్నారు, ప్రసాదం లడ్డూలు కొన్నారు, గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు, మనవరాలికి గాజులు తెచ్చారు. చింతపండు మర్చిపోయారు. వాళ్లు క్షేమంగా చేరారో లేదోనని నేను మా బావమరిది కారులో, పెట్రోలు నేనే పోయించి, వెనకాలే వెళ్లాల్సి వచ్చింది. దారిలో పాల్వంచలో బిర్యానీ. అది అవసరాల కింద వచ్చింది.

భద్రాచలం పేరెత్తాను కనుక ఒక జాగ్రత్త. దుబారా చేస్తే ఏమవుతుందో పిల్లలకు చెప్పడానికి మాకు పక్క మండలం మనిషే ఉన్నాడు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, అదే మన రామదాసు. తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. ఖజానాకు పంపాల్సిన సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడు. అక్కడ కూర్చుని రాముణ్ని నిలదీస్తూ పాడిన కీర్తనలో ఏ నగకు ఎంత పట్టిందో లెక్క చెప్పాడు. సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు. ఇంత నిక్కచ్చిగా ఖర్చు రాసి పెట్టినవాణ్ని నేను మా చుట్టాల్లో చూడలేదు.

ఈ కథ చెప్పి, ‘చూశావా, లెక్క లేకుండా ఖర్చుపెడితే జైలే’ అన్నాను. మా మనవడు, ‘ఆ బాకీ రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీ అని మారువేషంలో వచ్చి కట్టేశారు కదా తాతా. మనకూ ఎవరో ఒకరు వస్తార్లే’ అన్నాడు. వాడి తండ్రి పక్కనుంచి, ‘వచ్చారుగా నాన్నా, వైరాకి’ అన్నాడు. 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి రెండు లక్షల రుణమాఫీ ఆఖరి విడత మొదలుపెట్టింది వైరా సభలోనే. రెండు లక్షలు దాటినవాళ్లు పైమొత్తం ముందు కట్టుకోవాలన్నారు. నా బాకీ వడ్డీతో కలిపి దాటింది. అందుకే పొదుపు కోరే రైతులకు నా సలహా, అప్పు చేస్తే రెండు లక్షలలోపు చూసి చేయండి, మీటరు చూసినట్టే. పిల్లలకు మాత్రం రామదాసు కథ చెప్పకండి.

అసలు పొదుపు బయటపడేది కల్లంలో. మిరప కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి, భద్రాచలం అడవి ఊళ్ల నుంచి కూలీలు వస్తారు. పిల్లాపాపలతో వచ్చి, చేల పక్కనే పట్టాలు కప్పిన గుడిసెల్లో వారాల తరబడి ఉండి కోస్తారు. కోత వాళ్లతో చేయించక తప్పదు, మన వీపులు అంత వంగవు. కోసిన కాయ ఎండబెట్టాక తాలు ఏరాలి. రంగు పోయిన తెల్లకాయ, మచ్చకాయ పక్కకు తీయాలి. దీనికి కూలీలను పెట్టడం శుద్ధ దండగ. ఇంట్లో ఆరుగురు ఉండగా బయటివాళ్లెందుకు? ఏడోవాణ్ని నేను, పైనుంచి చూసేవాడొకడు ఉండాలి.

టార్పాలిన్ మీద ఎర్రగా పరిచిన తేజా కాయ చుట్టూ అందరినీ కూర్చోబెట్టాను. తేజా తెలుసు కదా, సన్నకాయ, కారం ఎక్కువ, చైనా దాకా పోయే రకం. అరగంటకే తుమ్ములు మొదలయ్యాయి. ముక్కుకు గుడ్డలు కట్టుకున్నా ఘాటు ఆగదు. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు, ఆ చేతులతో పిల్లాణ్ని ఎత్తుకోకూడదు. చిన్న మనవరాలు ఏడుస్తుంటే కోడలు మోచేతులతో ఎత్తుకుని తీసుకెళ్లింది. రాత్రికి వేళ్లు మండుతున్నాయని, కాస్త కొబ్బరినూనె రాసుకుంటే తగ్గుతుందని అడిగారు. కొబ్బరినూనె మొదటి మీటింగులోనే తీసేశాం కదా అని గుర్తుచేశాను. నియమం అంటే నియమం. మంట తెల్లారేదాకా ఉంది, అది మిరపకాయ స్వభావం, దానికి నేనేం చేయను?

తర్వాత బస్తాలు కట్టి ఖమ్మం మార్కెట్‌కు తీసుకెళ్లాను. అక్కడ పొద్దున్నే జెండా పాట. ఆ రోజుకు అన్నిటికన్నా పై ధర ఏదో అది పాడతారు. పేపర్లో పడేది ఆ ధరే. మన కాయకు పలికేది వేరే. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీశాడు, ఒకటి విరిచాడు, తొడిమ చూశాడు, ‘తేమ ఉంది’ అన్నాడు. ఇంటిల్లిపాదీ ఏరిన తాలు సంగతి ఆయన అడగనే లేదు. క్వింటాలుకు ఎంత తగ్గించాడో ఇక్కడ రాయను. తగ్గించడానికి పట్టిన టైము మాత్రం, నేను చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీసేంత కూడా లేదు. ఆ తర్వాత కమీషను, హమాలీ, లారీ కిరాయి.

ఇదే యార్డులో 2017 ఏప్రిల్‌లో ధర కుప్పకూలితే రైతులు తిరగబడ్డారు. ఆఫీసు పగిలింది, కేసులు పడ్డాయి, పదిమంది రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చారు. దేశమంతా చూసింది. అందుకని నా సలహా. ధర దగ్గర కోపం వస్తే అక్కడ చూపించకండి. మూసుకుని ఇంటికొచ్చి కొబ్బరినూనె మీద చూపించండి. ఎవరూ బేడీలు వేయరు.

ఇక ఫంక్షన్లు. పొదుపు పుస్తకాలు రాసేవాళ్లంతా ఫంక్షన్లు తగ్గించమంటారు. వాళ్లకు మన సంగతి తెలియదు. ఆడపిల్లకు ఓణీలు, మగపిల్లాడికి పంచెలు, గృహప్రవేశం, ఇప్పుడు కొత్తగా పుట్టినరోజుకు కేకు, ఇవి ఖర్చులెలా అవుతాయి? తిరిగొచ్చే సొమ్ముకు ఖర్చని పేరు పెట్టకూడదు. ప్రతి తెలుగింట్లో బీరువాలో ఒక చదివింపుల పుస్తకం ఉంటుంది. నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీలో శ్రీరామ. దస్తూరి బాగున్న మేనల్లుడెవడో టేబుల్ దగ్గర కూర్చుని, ఊరు, పేరు, అంకె రాస్తాడు. మన దేశంలో బ్యాంకులు మునిగాయి గానీ ఆ పుస్తకం ఎన్నడూ మునగలేదు. అయిదేళ్ల కింద మీరు 516 పెట్టారనుకోండి, ఇప్పుడు ఆయన 1016 పెట్టాలి. అడగనక్కర్లేదు, ఆయనింట్లోనూ పుస్తకం ఉంటుంది.

ఈ ధీమాతో మనవడికి పంచెల ఫంక్షన్ చేశాను. ఏడాది పాటు సబ్బు సగం ముక్కలు కోసి వాడించి మిగిల్చిన డబ్బు ఫ్లెక్సీలకే చాలలేదు. ఫ్లెక్సీలో మనవడి బొమ్మ చిన్నది, నాది పెద్దది, మూలన ఇద్దరు నాయకులు. టెంటు, డ్రోను కెమెరా, వేటమాంసం, పప్పుచారు, రెండు రకాల స్వీట్లు, ఐస్‌క్రీం. కొడుకు వద్దన్నాడు. మీ తాత నీకు చేయలేదు కాబట్టే నువ్విలా తయారయ్యావన్నాను. మేనమామ వరసవాళ్లు ఉంగరం పెట్టాలి. 2025లో బంగారం తులం లక్ష దాటడంతో, పాపం, వాళ్లు ఉంగరం బదులు చొక్కా పెట్టారు. రాత్రికి కోడలు పుస్తకం ముందేసుకుని కూడింది. వచ్చింది అయిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. ‘మామయ్యా, మనం పెట్టాల్సిన వాళ్లు కూడా ఇందులో ఇంతమంది పెరిగారు’ అని వేలు పెట్టి చూపించింది. అది అప్పు పెరగడం కాదు, బంధుత్వం పెరగడం. ఈ ముక్క ఆమెకు చెప్పాను గానీ, డిగ్రీ చదివినవాళ్లకు బంధుత్వాలు అర్థం కావు.

ఫంక్షన్ బాకీకి నూటికి రెండు రూపాయల వడ్డీ. రెండే కదా అని తేలిగ్గా ఉంటుంది. నెలకు రెండంటే ఏడాదికి 24. ఈ గుణకారం కూడా కోడలే చేసింది.

చివరగా ఆడవాళ్ల పొదుపు సంఘాల గురించి చెప్పాలి, ఎందుకంటే అవి మన పద్ధతికి పూర్తిగా విరుద్ధం. 1990లలో నెల్లూరు జిల్లాలో దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమం ఊపులో, పొదుపు లక్ష్మి అని ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. అంటే ముందు మగవాళ్ల ఖర్చు ఆపించి, ఆ తర్వాత దాచారన్నమాట. వరస తప్పు. అయినా అది డ్వాక్రా అయింది, వెలుగు అయింది, ఊరూరా పాకింది. ఒకప్పుడు పావలా వడ్డీ కూడా వచ్చింది. నూటికి నెలకు పాతిక పైసలు, ఏడాదికి మూడు రూపాయలు. మా ఆవిడ ఎన్నేళ్లుగానో సంఘంలో ఉంది. వాళ్ల మీటింగు ఒకసారి గుమ్మంలోంచి చూశాను. కుర్చీ లేదు, అందరూ గుండ్రంగా చాప మీదే. ఎవరు ఎంత కట్టారు, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, ఎవరు ఎందుకు కట్టలేకపోయారు, అంతా అందరి ముందూ పైకి చదివారు. ఆలస్యంగా వచ్చినామె జరిమానా కట్టింది. సంఘం లీడరే అడిగింది, ‘ఇంకెవరికైనా ఏమైనా అడగాలని ఉందా’ అని. ఇలా నడిస్తే పొదుపు నిలుస్తుందా? వాళ్ల పొదుపు నిలిచింది నిజమే. కానీ పద్ధతి బాగాలేదు.

రెండు రూపాయల బాకీ తీర్చేసి తక్కువ వడ్డీలోకి మారదామని, సంఘంలో లోను తీసుకోమని మా ఆవిడను అడిగాను. ఆమె కాదనలేదు. తీర్మానం పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ‘రాయించండి. నెలకు ఎంత వస్తోంది, మీకయ్యేదెంత, ఇంటికయ్యేదెంత. సెంటర్లో బజ్జీలతో సహా. అందరి ముందూ చదవాలి’ అంది. అమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, అందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. కుర్చీలో నేనొక్కణ్నే ఉన్నాను.

నూటికి రూపాయిన్నరకు ఇచ్చేవాళ్లు, ఖర్చుల వివరాలు అడగనివాళ్లు, ముదిగొండ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే దయచేసి పత్రిక ఆఫీసుకు కబురు పంపండి. ఇంటికి మాత్రం రావద్దు.